ముందు గడ్డపార, తర్వాతే సారె: చెరువు కింది కుమ్మరి ఇంట్లో రెండు రోజుల శిక్షణ

కాఫీ కప్పు చేసుకుని ఇంటికి తెచ్చుకోవాలన్న కోరికతో అయితే ఈ శిక్షణకు వెళ్లకండి. ఇక్కడ చేసిన కప్పుకు గాజు పూత ఉండదు. కాఫీ పోసి, ఎవరితోనో ఫోను మాట్లాడి వచ్చేసరికి కింద బల్ల చెమ్మగిల్లి ఉంటుంది. కుండ ఏ మట్టితో మొదలవుతుందో, ఆ మట్టిని చెరువులో ఏ మూల వెతకాలో, తవ్వి తెచ్చాక దానితో ఎంత పెనుగులాడాలో తెలుసుకోవాలని ఉంటే మాత్రం తప్పకుండా వెళ్లండి. ఇంత దాపరికం లేకుండా నేర్పే చోటు నేను ఇంకొకటి చూడలేదు.

హనుమకొండ నుంచి ములుగు వెళ్లే దారిలో, రోడ్డు దిగి కొంత లోపలికి పోతే వచ్చే ఊరు. కుమ్మరి దంపతులు, వారి కొడుకు కలిసి నడుపుతున్నారు. ఊరి పేరు, వారి పేర్లు ఇక్కడ రాయడం లేదు. విడతకు ఎనిమిది మందికి మించి వారి వాకిలి పట్టదు, ఇప్పటికే వచ్చే ఫోన్లకు జవాబు చెప్పలేకపోతున్నామని వారే అన్నారు. నిజంగా ఆసక్తి ఉన్నవారు హనుమకొండలో కుండలు అమ్మే చోట అడిగితే దారి చెబుతారు, నేనూ అలాగే తెలుసుకున్నాను. రుసుము మనిషికి 2,500 రూపాయలు. రెండు పూటల భోజనం, మట్టి, కాల్చే ఖర్చు అందులోనే.

నేను చాలా ఏళ్లు ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఏ పని చూసినా ‘ఎందుకు’ అని అడగకుండా ఉండలేను. ఈ సమీక్షలో ఆ వాసన కొంత తగులుతుంది, ఓర్చుకోండి. ఇంతకుముందు నగరంలో ఒక స్టూడియోలో ఇలాంటి తరగతికే డబ్బు కట్టాను. చల్లని గది, ఉతికిన ఆప్రాన్లు, ప్లాస్టిక్ సంచిలో ముద్దగా వచ్చిన బూడిదరంగు మట్టి. ఈ మట్టి ఎక్కడిదని అడిగితే సరఫరాదారు పంపుతాడన్నారు. అందులో ఏమేమి కలిసి ఉన్నాయంటే సంచి మీద రాసి ఉంటుందన్నారు, సంచి మీద బరువు తప్ప ఏమీ లేదు. అక్కడ నా గిన్నె నున్నగా, అందంగానే వచ్చింది. నాకు తెలిసిన కొత్త విషయం మాత్రం ఒక్కటీ లేదు.

ఇక్కడ మొదటి రోజు సారె, అంటే కుమ్మరి చక్రం, ముఖమే చూపించరు. పొద్దున్నే చేతికి తట్ట, గడ్డపార ఇచ్చి చెరువు శిఖంలోకి, అంటే చెరువు అడుగు నేలలోకి, తీసుకెళ్తారు. ఎండాకాలం కాబట్టి నీరు నడిమధ్య గుంటలోకి కుంచించుకుపోయి, మిగతాదంతా నెర్రెలు బారి ఉంది. మాలో ఒక కుర్రాడు దిగీ దిగగానే దగ్గర్లో కనబడిన నల్లటి పెళ్లను పెకలించబోయాడు. పెద్దాయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, మమ్మల్ని ముందుగా ఆ పక్కకు కాకుండా వాగు వచ్చి కలిసే వైపు నడిపించారు. అక్కడ పిడికెడు తీసి అరచేతిలో నలిపి చూపించారు. గరగరలాడే ఇసుక. తర్వాత చెరువు పొడవునా నడిపించి కట్ట దగ్గరికి, తూముకు కాస్త ఇవతలికి తెచ్చారు. అక్కడి మట్టి వేళ్లకు వెన్నలా పట్టుకుంది.

ఆయన దీనికి కారణం చెప్పలేదు. నేను చెబుతాను. వాగు నీరు చెరువులోకి రాగానే దాని వేగం ఉన్నట్టుండి పడిపోతుంది. బరువైన ఇసుక, గులక రాళ్లు అక్కడే దిగిపోతాయి. సన్నని రేణువులు నీటితోపాటు సాగి, అలికిడి లేని చోట, అంటే కట్ట వైపు లోతులో, మెల్లగా అడుగుకు చేరతాయి. బంకమట్టి రేణువు రెండు మైక్రాన్ల కంటే చిన్నది. కదలిక లేని నీటిలో కూడా అది మీటరు లోతు దిగడానికి మూడు రోజులకు పైగా పడుతుంది. అంటే కాకతీయుల కాలం నుంచి మన చెరువులు ఏటా వానాకాలంలో మట్టిని జల్లెడ పట్టి, కట్ట వెంబడి సన్నదాన్ని పోగుచేస్తున్నాయన్న మాట. ‘అవక్షేపణ’ పాఠానికి పరీక్ష నాళిక చూపించి సరిపెట్టిన రోజుల్లో పిల్లల్ని ఇలాంటి చెరువులోకి తీసుకెళ్లి ఉంటే ఎంత బాగుండేది!

పైన జానెడు మందం మట్టిని గీకి పారేయించారు. అందులో గడ్డి వేళ్లు, పశువుల పేడ, నత్త గుల్లలు. వేళ్లు ఉంటే కాలి బొరియలవుతాయి. నత్త గుల్లలు అంతకంటే ప్రమాదం. గుల్ల అంటే కాల్షియం కార్బొనేటు. ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, సుమారు 700 డిగ్రీలు దాటాక అది విడిపోయి పొడి సున్నంగా మారడం మొదలవుతుంది. కుండ చల్లారి ఇంటికి వచ్చాక ఆ సున్నం గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, పైనున్న పెచ్చును ఊడగొడుతుంది. కొన్న వారం తర్వాత కుండ మీద ఉన్నట్టుండి రూపాయి బిళ్లంత పెచ్చు లేచి, కింద తెల్లటి చుక్క కనబడితే కారణం ఇదే. నల్లరేగడిలో ఉండే సున్నపు గుళికలదీ ఇదే కథ. నేను వెంట చిన్న సీసాలో వెనిగర్ తీసుకెళ్లాను. అనుమానపు గడ్డ మీద రెండు చుక్కలు వేస్తే బుసబుస పొంగింది, పక్క గుంటలోది పొంగలేదు. పెద్దాయన ఆ సీసాను ఆసక్తిగానే చూశారు గానీ ఆయనకు దాని అవసరం లేదు. ఇంత మట్టి నోట్లో వేసుకుని పళ్ల మధ్య నలిపి, ఉమ్మేసి, ఇది పనికొస్తుంది, ఇది రాదు అని చెప్పేస్తారు. నా వెనిగర్‌కూ ఆయన నోటికీ ఎక్కడా తేడా రాలేదు. మీరు నోట్లో పెట్టుకోకండి, పశువులు తిరిగే చెరువది.

ఇంకో పరీక్ష అందరి చేతా చేయించారు. తడి మట్టిని చిటికెన వేలంత తాడులా పేని చూపుడు వేలికి చుట్టాలి. పగుళ్లు రాకపోతే జిగురు చాలినట్టు, విరిగిపోతే ఇసుక ఎక్కువైనట్టు. నా పక్కనున్నావిడ తాడు వేలికి చుట్టకముందే తెగింది. పెద్దాయన ఆవిడ్ని ఇంకో నాలుగు అడుగులు కట్ట వైపు జరిపి తవ్వమన్నారు, ఆ మట్టి ఉంగరంలా చుట్టుకుంది. నాలుగు అడుగుల తేడాలో!

మిషన్ కాకతీయ మొదలయ్యాక ఈ చెరువులో పూడిక తీసి ఆ నల్లమట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారట. పొలాలకు మంచిదే, చెరువుకూ మంచిదే. తనకు మాత్రం తాతల నాటి గుంట పోయి, మళ్లీ కొత్తగా వెతుక్కోవలసి వచ్చిందని చెప్పారు. ఫిర్యాదులా కాదు, వర్షం గురించి చెప్పినట్టు చెప్పారు.

తెచ్చిన మట్టిని వెంటనే నీళ్లలో వేస్తారని అనుకున్నాం. ముందు ఎండలో పరిచి పెళపెళలాడేలా ఎండబెట్టారు. సగం తడిగా ఉన్న గడ్డను నానబెడితే మధ్యలో ఉండలు మిగిలిపోతాయి. పూర్తిగా ఎండినదైతే నీరు ఒక్కసారిగా సూక్ష్మరంధ్రాల్లోకి దూసుకుపోయి, లోపలి గాలిని తన్ని, గడ్డ తనంతట తానే విచ్చుకుని బురదైపోతుంది. రెండు గడ్డల్ని రెండు చెంబుల్లో వేసి మాకు పక్కపక్కన చూపించారు. మొత్తం శిక్షణలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రదర్శన ఇది, దానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ బురదను పాత దోమతెరలో వడగట్టి, తేరనిచ్చి, పైనీరు వంచేసి, బూడిద మీద పరిచిన గోనెపట్టాపై ఆరబెడతారు. బూడిద అడుగు నుంచి తడిని లాగేస్తుంది. ఆ తర్వాత తడిగుడ్డ కప్పి మాగబెట్టాలి. ఎన్ని రోజులు మాగితే అంత సాగుడు.

మీలో లెక్క చూసుకునేవారికి ఇక్కడ అనుమానం రావాలి. ఇదంతా రెండు రోజుల్లో ఎలా అవుతుంది? కాదు. మనం తవ్విన మట్టి మన చేతికి రాదు. అది తర్వాతి విడతవారికి వెళ్తుంది, మనం మనకంటే ముందు వచ్చినవారు తవ్విన మట్టితో పని చేస్తాం. ఈ సంగతి డబ్బు కట్టేటప్పుడే స్పష్టంగా చెప్పారు. మా బృందంలో ఒకరిద్దరు దీనికి మొహం మాడ్చుకున్నారు. నాకైతే వేరే దారి ఉన్నట్టు తోచలేదు.

చెరువు మట్టిని ఒంటరిగా వాడరు. నల్లమట్టిలోని బంక రేణువులు నీరు తాగి బాగా ఉబ్బుతాయి, ఆరితే అంతగానూ కుంచించుకుపోతాయి. ఎండిన రేగడి చేను చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. అందుకని చెల్క నుంచి తెచ్చిన ఎర్రమన్ను, సన్న ఇసుక, జల్లించిన బూడిద కలుపుతారు. ఈ ఇంట్లో లెక్క మూడు తట్టల నల్లమట్టికి ఒక తట్ట ఎర్రమన్ను. వంట కుండకైతే ఇసుక పెంచుతారు, నీళ్ల కుండకైతే తగ్గిస్తారు. మంట మీద పెట్టే కుండలో ఎక్కడో సన్న బీట మొదలైతే అది ఇసుక రేణువు దగ్గర ఆగిపోతుంది, ఇసుక లేకపోతే అంచుదాకా పాకుతుంది. వంట కుండ గరుకుగా ఉండడం చేతకానితనం కాదని ఇక్కడికి వచ్చాకే నాకు అర్థమైంది. కలిపిన మట్టిని కాళ్లతో తొక్కాలి. అరగంట తొక్కేసరికి నగరం నుంచి వచ్చిన కుర్రాళ్లు చతికిలబడ్డారు, పెద్దాయన ఫోను మాట్లాడుతూనే తొక్కుతున్నారు.

రెండో రోజు సారె. రెండున్నాయి. ఒకటి కర్ర పెట్టి తిప్పే పాత బరువైన చక్రం, ఒకటి కరెంటుది. ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2018లో మొదలుపెట్టిన కుమ్మరుల పథకం కింద చాలాచోట్ల కరెంటు సారెలు పంచారు. ఈ ఇంట్లోది మాత్రం కొడుకు సొంత డబ్బుతో కొన్నది. మనకు నేర్పేది దాని మీదే. పాతది చూడడానికి మాత్రమే. కానీ చూడవలసిందే. ఒక్కసారి కర్రతో ఊపందిస్తే అది తిరుగుతూనే ఉంటుంది, ఆ ఊపు చల్లారేలోపు ఆయన చేతిలో రెండు ముంతలు లేచి నిలబడ్డాయి. జడత్వానికి అంతకంటే మంచి ఉదాహరణ నేను ఏ పుస్తకంలోనూ చూపించలేకపోయాను.

నేర్పడం దగ్గరికి వస్తే పెద్దాయనకు నేను మార్కులు తగ్గిస్తాను. ఆయన చేతికి వచ్చినది నోటికి రాదు. మట్టి పక్కకు ఒరిగిపోతుంటే “గట్టిగా పట్టండి” అంటారు. గట్టిగా పట్టుకుంటే “అంత గట్టిగా కాదు” అంటారు. మోచేతిని తొడకు ఆనించి నిలకడగా ఉంచాలన్న ముక్క మధ్యాహ్నం దాకా ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది మందికి ఒక్క సారె కాబట్టి ఒక్కొక్కరికి దొరికేది తక్కువ. మిగతా సమయం పక్కవాళ్ల మట్టి కూలిపోవడం చూడడమే. ఇంకో కరెంటు సారె కొంటే తప్ప ఈ ఎనిమిది మంది అన్న సంఖ్య న్యాయం కాదు. కొడుక్కి ఈ మాట నేరుగానే చెప్పాను, దీపావళి ప్రమిదల గిరాకీ అయ్యాక చూస్తానన్నాడు.

అసలైన ఉపాధ్యాయురాలు ఆయన భార్య. సారె మీద నుంచి దించిన కుండకు గుండ్రటి అడుగు ఉండదు. మందంగా, మొద్దుగా ఉంటుంది. కొంచెం గట్టిపడ్డాక లోపల ఎడమచేత్తో నున్నటి గుండ్రాయి పట్టుకుని, బయట నుంచి చెక్కతో తట్టుతూ, అడుగును పలచగా గుండ్రంగా సాగదీయాలి. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి నేర్పారు. “చప్పుడు వినండి టీచరమ్మా, మందంగా ఉన్నచోట చప్పుడు మూగబోతుంది” అన్నారు. కాసేపటికి నిజంగానే చెవికి అందింది. గుండ్రటి అడుగు ఎందుకో మూల ఉన్న గిన్నెను పొయ్యి మీద పెట్టి చూస్తే తెలుస్తుంది. మూల దగ్గర వేడి ఒకలా, గోడ దగ్గర ఒకలా వ్యాపించి అక్కడే చీలుతుంది. గుండ్రటి అడుగులో అలాంటి చోటు లేదు. ఆడవారు సారె మీద కూర్చోకూడదన్న పాత కట్టుబాటు గురించి విన్నాను. మాలో ఆడవారిని ఏ అభ్యంతరమూ లేకుండా కూర్చోబెట్టారు. ఆమె మాత్రం కూర్చోరు. ఎందుకని అడిగితే నవ్వి, పొయ్యి మీద అన్నం చూడాలని లేచారు.

అన్నం మాట వచ్చింది కాబట్టి: జొన్నరొట్టె, పచ్చిపులుసు, మట్టి దాకలో వండిన చింతచిగురు పప్పు. వంక పెట్టడానికి లేదు. మరుగుదొడ్డి వెనక పెరటి చివర ఉంది, శుభ్రంగానే ఉంది కానీ పెద్దవయసువారు చీకటి పడ్డాక టార్చి లేకుండా వెళ్లలేరు.

నీడలో ఆరబెట్టిన మా పాత్రల వరస మీదుగా సాయంత్రం ఒక మేకపిల్ల నడిచి వెళ్లింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్న సామెతను పిల్లలకు బోర్డు మీద రాయించినదాన్నే గానీ కళ్లారా చూడడం అదే మొదలు. పోయినవి మూడు గిన్నెలు. వాటి యజమానులకు మళ్లీ చేసుకోమని మట్టి ఇచ్చారు, అదనంగా డబ్బు అడగలేదు.

ఆరిన వాటికి ఎర్రజాజు నీళ్లలో కలిపి పూత పూసి, గులకరాయితో రుద్ది నునుపు చేయడం కూడా ఆమె పనే. బజారులో నిగనిగలాడే ఎర్ర కుండల్లో కొన్నిటికి పూసేది జాజు కాదు, డబ్బా రంగు. తడిగుడ్డతో గట్టిగా రుద్దినా, వేడి నీళ్లు పోసి వాసన చూసినా తేడా దాగదు. రంగు వాసన వేస్తే అందులో వండకండి.

కాల్చడం ఆ రెండు రోజుల్లో ఉండదు. పాత్రలు పూర్తిగా ఆరాలి, ఆవం నిండడానికి తగినన్ని కుండలు పోగవ్వాలి. మళ్లీ రమ్మని కబురు చేస్తారు. రావడం మన ఇష్టం. నేను వెళ్లాను, మీరూ వెళ్లండి. ఆ సాయంత్రం చూడకపోతే కట్టిన డబ్బులో సగం వదులుకున్నట్టే. కింద పిడకలు, కట్టెలు, వాటి మీద పెద్ద కుండలు బోర్లించి, సందుల్లో చిన్నవి, పైన మళ్లీ పిడకలు, వరిగడ్డి. దాని మీద పెంకులు, బూడిద, తడిమట్టి కప్పు. చుట్టూ చిన్న చిన్న గాలి దారులు. నిప్పు పెట్టాక చాలాసేపు పొగే తప్ప మంట రానివ్వరు. కుండ గోడలో ఇంకా దాగున్న నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది, తొందరపెడితే ఆ ఆవిరి దారి చేసుకుని కుండను పేల్చేస్తుంది. 450, 600 డిగ్రీల మధ్య మట్టి అణువుల్లోనే బంధమై ఉన్న నీరు పోతుంది. ఆ మెట్టు దాటిన మట్టి ఇక ఎన్ని రోజులు నానబెట్టినా బురద కాదు. 573 దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ స్ఫటికం రూపు మార్చుకుంటుంది, చల్లారేటప్పుడు మళ్లీ వెనక్కి మారుతుంది. పొద్దున్నే ఆవం విప్పాలన్న ఆత్రంతో ఎవరైనా కప్పు తీస్తే చల్లగాలి తగిలి కుండలు చిటపటమని చీలేది అందుకే. మాలో ఒకాయన ఫొటో కోసం తీయబోతే పెద్దాయన మొదటిసారి గొంతు పెంచారు.

ఉష్ణోగ్రత కొలిచే సాధనం ఏదీ లేదు. గాలి దారిలోంచి చూసి రంగును బట్టి చెప్పుకోవడమే. నాకు కనబడింది ముదురు ఎరుపు దాటి చెర్రీ పండు ఎరుపు, అంటే సుమారు 750, 800. గాలి బాగా ఆడిన వైపు కుండలు ఇటుక ఎరుపుగా వచ్చాయి. పొగ కమ్మిన వైపువి నల్లబడ్డాయి. రెండిటిలోనూ ఉన్నది అదే ఇనుము. ఆక్సిజన్ దొరికితే ఎరుపు, దొరకకపోతే నలుపు, పైగా పొగలోని బొగ్గుపొడి. నా చట్టి ఒక పక్క ఎరుపు, ఒక పక్క నలుపు. దీన్ని లోపమన్నవారూ ఉన్నారు మా బృందంలో. ఏకరీతి రంగు కావాలంటే కరెంటు కొలిమి ఉన్న స్టూడియోకే వెళ్లాలి.

ఊక కలిపిన మట్టితో కుంపట్లు కూడా చేస్తారు ఇక్కడ. ఊక కాలిపోయి గుల్లగా మిగులుతుంది, ఎత్తితే ఆశ్చర్యపోయేంత తేలిక. అదే దారిలో ఇంకా ముందుకు వెళ్తే పాలంపేట. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరంలోని ఇటుకలు నీటిలో తేలేంత తేలికన్నది అందరూ విన్నదే. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ మాట ఇంకా పాకింది. అక్కడి గైడు దాన్ని వింతగా చెబుతాడు. ఈ కుంపటిని చేత్తో ఎత్తి చూసి గుడికి వెళ్లినవారికి వింత తగ్గి, ఆ పనివారి మీద గౌరవం పెరుగుతుంది. మట్టిలో కాలిపోయే పదార్థం ఎంత కలిపితే ఇటుక తేలుతుందో, అంత కలిపినా గోపురం బరువుకు చితకకుండా ఎలా నిలుస్తుందో లెక్క తేల్చినవారు వారు. రెండూ ఒకే ప్రయాణంలో పెట్టుకోండి.

ఇంటికి తెచ్చాక నేను కొలిచినవి: శిక్షణలో మిగిలిన మట్టితో 10 సెంటీమీటర్ల గీత గీసిన బిళ్ల ఒకటి చేసి నా పాత్రలతోపాటు ఆవంలో వేయించాను. కాలాక గీత 8.9 సెంటీమీటర్లు. అంటే 11 శాతం కుంచించుకుంది. కాస్త ఎక్కువే, పెద్ద కుండలకు ఇంకాస్త ఇసుక పడితే మంచిది. పొడిగా 412 గ్రాములున్న మూకుడును రాత్రంతా నీళ్లలో ఉంచితే 470 గ్రాములయింది. బరువులో 14 శాతం నీరు తాగింది. నీళ్ల కుండకు ఇది వరం. తాగిన నీరు బయటి గోడకు చేరి ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. మా ఇంట్లో ఏప్రిల్ ఎండకు ఫ్రిజ్ నీళ్లు మానేశాం. వానాకాలం వచ్చి గాలిలో తేమ నిండితే ఈ చల్లదనం తగ్గిపోతుంది, కుండను తిట్టకండి. తోటి శిక్షణార్థి ఒకరి గిన్నె అంచున సున్నపు పెచ్చు లేచిందని ఫొటో పంపారు. అంత ఏరినా ఒక గుళిక తప్పించుకుందన్న మాట.

చట్టిలో చేపల పులుసు, వంకాయ పులుసు వండాను. రుచిలో తేడా ఉంది. దానికి కారణం మా బృందంలో కొందరు చెప్పినట్టు మట్టిలోని ‘క్షార గుణం’ కాదు. చింతపండు పులుసును క్షారంగా మార్చే కుండ ఉంటే ఆ పులుసు ఎవరూ తినలేరు. మట్టి గోడ వేడిని మెల్లగా తీసుకుని మెల్లగా వదులుతుంది. పొయ్యి ఆపాక కూడా పులుసు చాలాసేపు సన్నగా ఉడుకుతూనే ఉంటుంది. పైగా పులుపు అల్యూమినియంతో కలబడినట్టు కాలిన మట్టితో కలబడదు. ఇది చాలు, కీళ్ల నొప్పులు పోతాయని, రక్తం శుభ్రపడుతుందని చెప్పి అమ్మనక్కర్లేదు. ఈ కుటుంబం అలా అమ్మదు కూడా. ఆ మాటలన్నీ కొనేవాళ్లవే. అయితే నేను ఒక ప్రశ్న అడిగాను, మీరు ఎక్కడ కొన్నా అడగండి: ఈ చెరువులోకి ఏ నీరు వస్తుంది? ఇక్కడికి వచ్చేది పొలాల మీది వాన నీరు, వాగు నీరు. పట్టణపు మురుగో, ఫ్యాక్టరీ నీరో కలిసే చెరువు మట్టితో చేసిన దానిలో నేను వండను, మొక్క పెట్టుకుంటాను.

కొత్త చట్టిని నేరుగా పొయ్యి ఎక్కించవద్దు. ఒక రోజు నీళ్లలో నానబెట్టి, బియ్యం కడుగు నీళ్లో గంజో పోసి సన్నని మంట మీద కాచి, చల్లార్చి, పారబోయాలి. గంజిలోని పిండి రంధ్రాల్లో దిగి కారడం తగ్గుతుంది. సబ్బు వద్దు, అదీ ఆ రంధ్రాల్లోకే దిగుతుంది. కొబ్బరి పీచు, కాస్త శనగపిండి చాలు. ఇవన్నీ ఆమె నోటితో చెప్పారు, కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే బాగుండేది. సగం మంది ఇంటికి వెళ్లాక నాకు ఫోను చేసి అడిగారు.

ఫిర్యాదులు ఇంకా ఉన్నాయి. కాల్చే తేదీ రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి అకాల వర్షం, అది ఎవరి చేతిలోనూ లేదు. ఇంకోసారి పెళ్లివారి ఐరేని కుండల పని వచ్చి మా పాత్రలు పక్కకు జరిగాయి. వారి బతుకుతెరువు పెళ్లి కుండలు, ఆషాఢంలో బోనాల కుండలు, దీపావళి ప్రమిదలే గానీ మనలాంటివాళ్ల సరదా కాదు, నాకు అర్థమవుతుంది. కానీ దూరం నుంచి వచ్చేవారికి ముందే చెప్పాలి కదా. పాత్రలు కొరియర్లో పంపరు, మనమే వచ్చి తీసుకెళ్లాలి. పగిలితే బాధ్యత ఎవరిదన్న గొడవ ఉండదు కాబట్టి అది మంచిదే అనుకుంటున్నాను. ఇక ఆన్‌లైన్లో ఈ శిక్షణనే ‘గ్రామీణ అనుభవం’ అని పేరు మార్చి, దాదాపు రెట్టింపు ధరకు అమ్ముతున్న మధ్యవర్తి ఒకరున్నారు. ఆ పైడబ్బులో ఈ ఇంటికి వచ్చేది ఏమీ లేదని కొడుకే చెప్పాడు. నేరుగా మాట్లాడుకుని, డబ్బు వారి చేతికే ఇవ్వండి.

నక్షత్రాలు ఇవ్వవలసి వస్తే మట్టికి ఐదు, ఆవానికి ఐదు, ఆమె చెక్కపనికి ఐదు, సారె పాఠానికి రెండు. అన్నీ కలిపి సగటు తీయమంటే తీయను, ఎందుకంటే మీరు దేని కోసం వెళ్తున్నారన్న దాన్ని బట్టి అది మారిపోతుంది.

వెళ్లేటప్పుడు పాత బట్టలు, టోపీ, సొంత నీళ్ల సీసా, ఒక టార్చి పెట్టుకోండి. గోళ్లు కత్తిరించుకుని వెళ్లండి, సారె దగ్గర అవే మొదటి శత్రువులు. గుండ్రటి అడుగున్న చట్టి గ్యాసు పొయ్యి మీద నిలవదు. దానికి ఇనుప రింగు ఏ గిన్నెల దుకాణంలోనైనా దొరుకుతుంది, చట్టి తెచ్చుకోవడానికి ముందే కొని ఉంచుకోండి. చెరువు అడుగు తేలేది ఎండాకాలంలోనే కాబట్టి శిక్షణ మార్చి నుంచి మే చివరి దాకా మాత్రమే. తొలకరి పడ్డాక ఫోను చేస్తే మళ్లీ వేసవికే రమ్మంటారు.